రెండోసారి లేని జిల్లా

ఆ జిల్లాలో ఏ మగవాడూ భార్యను రెండోసారి కొట్టలేదు. ఇది పుకారు కాదు, ప్రభుత్వ లెక్క. జిల్లా పేరు మాత్రం చెప్పను. చెబితే పక్క జిల్లాల వాళ్లు అసూయపడతారు, ఆ జిల్లా వాళ్లు శాలువా కప్పమంటారు.

ఇంతటి ఘనత ఊరికే రాలేదు. దాని వెనక ఒక ఆఫీసు ఉంది. దాని పేరు ప్రథమాపరాధ సంస్కరణ కేంద్రం. అంత పేరుకు నోరు తిరగనివాళ్లు ‘మొదటిసారి ఆఫీసు’ అనేవారు. మనిషన్నాక మొదటిసారి తప్పు చేస్తాడు, ఆ ఒక్క తప్పుకే కోర్టులూ కేసులూ అంటే సంసారాలు నిలవవు, కనుక ఇంట్లో చెయ్యి చేసుకున్నాడని మొదటిసారి ఫిర్యాదు వచ్చినవాడికి ఉచితంగా ప్లీడరును ఇచ్చి, క్షమాపణ చెప్పించి, ఇంటికి పంపాలని పైనుంచి ఉత్తర్వు. రెండోసారి చేస్తే మాత్రం దయాదాక్షిణ్యాలు లేవు. కేసు నేరుగా కోర్టుకు పోతుంది, ఆ మనిషి ఇక ఆ ఇంటి గడప తొక్కకూడదని ఆర్డరు వస్తుంది. ఆఫీసు గోడ మీద ఎర్రరంగుతో “మొదటిసారి మన్నిద్దాం, రెండోసారి రానివ్వం” అని రాయించారు. అందులో రెండో ముక్కను ఆ ఆఫీసువాళ్లు ఎంత నిష్ఠగా పాటించారో వీరవేణికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

వీరవేణి జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే పనికి వెళ్లేది. మొగుడు గంగాచలానికి షామియానాల షాపు. ఊళ్లో పెళ్లయినా, దినమైనా, పెద్దవాళ్ల మీటింగైనా గుడ్డలు, రాటలు, కుర్చీలు అతనివే. బయట అంత మర్యాదగల మనిషి మరొకడు లేడు. ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే ఒకటి, తక్కువైతే ఒకటి, సరిపోతే మొన్నెందుకు సరిపోలేదని ఒకటి తగిలించేవాడు. వాళ్లుండే ఇల్లు వీరవేణి పేరున ఉంది. సర్కారు ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చింది గనక అలా వచ్చింది. ఇల్లు ఆడదాని పేరునా, పెత్తనం మగవాడి చేతా ఉండటం ఆ పేటలో ఆనవాయితీ.

ఆమె విడాకులు అడగలేదు. మొగుణ్ణి జైల్లో పెట్టమనీ అడగలేదు. ఆ మనిషి తన గడప తొక్కకుండా ఒక ఆర్డరు కావాలంది, అంతే. తన ఇంట్లో తాను భయం లేకుండా నాలుగు మెతుకులు తినాలని ఆమె కోరిక. దానికి రెండోసారి కావాలని తెలిసి, ముందు మొదటిసారి నమోదు చేయిద్దామని, వాచిన చెంపతో ఒకరోజు ఆ ఆఫీసు మెట్లెక్కింది.

గుమ్మం దగ్గర బల్ల వేసుకుని హెడ్ కానిస్టేబులు రూతమ్మ కూర్చుని ఉంది. ఆమె వీరవేణి చెంప చూసి ఏమీ అడగకుండా మంచినీళ్లిచ్చి లోపలికి పంపింది. లోపల సమన్వయాధికారి పురుషోత్తంగారు, ఆయన పక్కన ప్లీడరు చయనులుగారు ఉన్నారు. చయనులుగారు ఇరవైయేళ్లు గట్టు తగాదాల కేసులు వాదించి, ఏ గట్టునూ గెలవలేక, చివరికి ఈ కేంద్రంలో చేరి తనలోని అసలు ప్రతిభ ఏమిటో తెలుసుకున్న మనిషి. ఆయనకు గంగాచలం మీద ప్రేమా లేదు, వీరవేణి మీద కోపమూ లేదు. ఆయన ఆరాధించేది ‘మొదటిసారి’ అనే మాట ఒక్కదాన్నే.

ఆయన చాలా మృదువుగా, ఇంతకుముందెప్పుడైనా ఫిర్యాదు చేశావా అని అడిగారు. చేయలేదు గానీ పెళ్లయిన మూడో నెల నుంచీ కొడుతూనే ఉన్నాడని వీరవేణి చెప్పింది. చయనులుగారు అర్థం చేసుకున్నట్టు తలాడించారు.

“ఫిర్యాదు లేని దెబ్బ చట్టం దృష్టిలో దెబ్బ కాదమ్మా. అది కుటుంబ విషయం. కాబట్టి ఇదే మొదటిసారి.”

వీరవేణికి అందులో తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు. పోనీలే, ఎక్కడో ఒకచోట లెక్క మొదలవ్వాలి కదా అనుకుంది.

గంగాచలాన్ని పిలిపించి చయనులుగారు పక్కగదిలో తర్ఫీదు ఇచ్చారు. మొదటిసారి ముద్దాయి అన్నవాడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకోవాలి. చూపు నేల మీద ఉండాలి గానీ భార్య మీద ఉండకూడదు. ‘ఎప్పుడూ’, ‘అప్పుడప్పుడూ’ అనే మాటలు నోట రాకూడదు. ఏమడిగినా “ఆరోజు ఏదో అలా అయిపోయిందండి” అనాలి. ఏడుపు వస్తే మంచిది, రాకపోతే తువ్వాలుతో కళ్లొత్తుకున్నా సరిపోతుంది. గంగాచలం అన్నిటికీ “ఆయ్, ఆయ్” అంటూ శ్రద్ధగా విన్నాడు. పెళ్లిచూపులప్పుడు కూడా అతను ఇంత శ్రద్ధగా ఎవరి మాటా వినలేదు.

ఆ శనివారం ఆఫీసు ఆవరణలో సంస్కరణ సభ పెట్టారు. షామియానా గంగాచలానిదే. పొద్దున్నే వచ్చి తనే రాటలు పాతి, కుర్చీలు సర్ది, ఆనక తెల్లచొక్కా మార్చుకుని ముద్దాయిగా కూర్చున్నాడు. పురుషోత్తంగారు మాట్లాడుతూ, దాంపత్య వ్యవస్థ పటిష్ఠతకై శాఖాపరంగా చేపడుతున్న చర్యల్లో భాగంగా ఒక సోదరుడు పరివర్తన చెందుతున్నాడని ప్రకటించారు. గంగాచలం క్షమాపణ చెప్పాడు. అతనికి దండ వేశారు, ఆ దండ వీరవేణి చేత వేయించారు. ఫోటోగ్రాఫరు కాస్త నవ్వమ్మా అన్నాడు. మొగుడు కొట్టినందుకు కాదు తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారే, ఆ సామెతలోని బాధ ఏమిటో వీరవేణికి ఆ దండ పట్టుకున్నప్పుడు తెలిసింది. చెంప నొప్పి రెండు రోజుల్లో తగ్గింది గానీ ఆ దండ వేసిన నొప్పి తగ్గలేదు.

నెల తిరక్కుండానే గంగాచలం చెంబు విసిరాడు. నుదురు చిట్లింది. కుట్లు వేయించుకుని, కట్టుతో, వీరవేణి కొంచెం ధైర్యంగానే ఆఫీసుకు వెళ్లింది. తన ఆర్డరు తనకు వచ్చేసినట్టే అనుకుంది. చయనులుగారు చెంబు ఏ లోహంతో చేసిందో వివరంగా అడిగి, లేచి నిలబడ్డారు.

“వెనకటిది హస్తకృత్యం. ఇది పాత్రకృత్యం. నా కక్షిదారు ఒక పాత్రను ప్రయోగించడం ఇదే మొదటిసారి.”

పురుషోత్తంగారు ఆ మాటను రెండుసార్లు మనసులో చప్పరించి, చాలా శాస్త్రీయంగా ఉందన్నారు. ఒకే విధమైన సంఘటన పునరావృతమైతేనే దాన్ని రెండోసారిగా పరిగణించవచ్చని అక్కడికక్కడే సర్క్యులరు రాయించారు. మళ్లీ శనివారం సభ, మళ్లీ షామియానా, మళ్లీ దండ. వీరవేణి నుదుటి మీద కట్టు ఉండటంతో ఫోటో బాగా రాదని, కొంగు కొంచెం ముందుకు లాక్కోమన్నారు.

మూడోమాటు చేత్తోనే కొట్టాడు. ఈసారి తప్పించుకునే దారి లేదనుకుంది వీరవేణి. కానీ అది ఎడమచెయ్యి. పుట్టుకతో కుడిచేతి వాటం గల మనిషి ఎడమచేత్తో కొట్టడం ఎంత అరుదైన విషయమో చయనులుగారు చాలాసేపు చెప్పారు. ఆ తరవాత జరిగింది వసారాలో, కనుక అది గృహాంతర్భాగం కాదు. ఆ తరవాతది కోపంతో కాదు, చిరాకుతో. చిరాకుతో కొట్టడం కూడా మొదటిసారే. ఇన్ని వాదాలూ అయ్యాక ఏప్రిల్ నెల వచ్చింది. అప్పుడు వాదించాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆర్థిక సంవత్సరం మారేసరికి ఖర్చుకాని నిధులు మురిగిపోయినట్టే పాత దెబ్బలన్నీ మురిగిపోయాయని పురుషోత్తంగారు తేల్చారు. వీరవేణి మళ్లీ మొదటి మెట్టు మీదికి వచ్చింది.

ఈలోగా గంగాచలం కూడా తెలివి మీరాడు. ఒకరోజు టీ కొట్టు దగ్గర చయనులుగారికి టీ ఇప్పించి, ఇంకా ఏమేం మిగిలాయండి అని వినయంగా అడిగాడు. చయనులుగారు నొచ్చుకున్నారు. ముందుగా సలహా ఇవ్వడం వృత్తిధర్మానికి విరుద్ధమనీ, జరిగాక వస్తే తాను చూసుకుంటాననీ చెప్పారు.

ఆ మాట టీ కొట్టువాడి ద్వారా పేటంతా పాకి వీరవేణి చెవిన పడింది. ఆమెకు ఒళ్లు మండింది. పని మానుకుని సరాసరి ఆఫీసుకు వెళ్లి పురుషోత్తంగారి బల్ల ముందు నిలబడింది.

“బాబుగారూ, నేనేటీ గొడవ పెట్టడానికి రాలేదండి. రెండోసారంటే ఎలాగుంటదో ఒక్కసారి చూపించండి. చూసి ఎల్లిపోతాను.”

పురుషోత్తంగారు ఆ ప్రశ్నను చాలా సానుకూలంగా స్వీకరించారు. అయితే రెండోసారి అనేది తమ పరిధిలో ఇంతవరకు సంభవించలేదనీ, సంభవించని దాన్ని చూపించడం సాంకేతికంగా సాధ్యం కాదనీ, ఒకవేళ సంభవిస్తే దాని లక్షణాలను అధ్యయనం చేయడానికి ఒక ఉపసంఘం వేయవలసి ఉంటుందనీ చెప్పారు. మరి నన్ను రక్షించే దారేదీ ఈ పథకంలో లేదా అని ఆమె అడిగింది. ఆ విషయం పైకి రాస్తామని ఆయన అన్నారు. ఎవరికి రాస్తారో, ఎంత పైకి రాస్తారో చెప్పలేదు.

బయటికి వస్తుంటే రూతమ్మ ఆమెను పక్కకు పిలిచి కూర్చోబెట్టింది. “అమ్మాయ్, నీకు రెండోసారి ఇవ్వరే. ఇస్తే వీళ్లకి షీల్డు పోద్ది” అంది. రాష్ట్రం మొత్తంలో రెండోసారి నమోదు కాని ఏకైక జిల్లాకు షీల్డు ఇవ్వబోతున్నారనీ, పరిశీలక బృందం వచ్చేవారం దిగుతుందనీ అప్పుడు తెలిసింది. తన ఒంటి మీద పడ్డ ప్రతి దెబ్బా ఎక్కడో ఒక షీల్డు మీద మెరుగు పెడుతోందని ఇంతకాలం వీరవేణికి తోచలేదు. ఆమెకు ఏడుపు రాలేదు, అలసట వచ్చింది.

పరిశీలక బృందం వచ్చిన రోజు ఆఫీసు ఆవరణ పెళ్లివారిల్లులా ఉంది. గంగాచలం జరీ అంచు షామియానా వేశాడు. దాన్ని కలవారి పెళ్లిళ్లకు తప్ప తీసేవాడు కాదు. ఆ సభలో అతనికి ‘ఆదర్శ ప్రథమాపరాధి’ అని బిరుదు ఇచ్చి శాలువా కప్పారు. అనుభవాలు చెప్పమంటే మైకు పట్టుకుని, ఈ కేంద్రం వారి దయవల్ల తాను ఎన్నోసార్లు మొదటిసారి తప్పు చేసి, ప్రతిసారీ మొదటిసారిగానే మారానని, ఇకముందు కూడా ఇలాగే మారుతూ ఉంటానని వినమ్రంగా చెప్పాడు. చప్పట్లు మోగాయి. బృందంలోని పెద్దాయన, ఒకే మనిషి ఇన్నిమార్లు పరివర్తన చెందడం తాను ఎక్కడా చూడలేదనీ, ఈ నమూనాను అన్ని జిల్లాలకూ విస్తరించాలనీ అన్నారు. ఆ రాత్రికి గెస్ట్‌హౌసులో ఉండి, మర్నాడు సాయంత్రం షీల్డు కాగితం మీద సంతకం పెట్టి వెళతామన్నారు.

వీరవేణిని వేదిక ఎక్కించారు. ఈసారి ఆమె నవ్వలేదు. ఎంత చెప్పినా నవ్వలేదు. బృందం పెద్దాయన, అమ్మాయికి ఒంట్లో బాగాలేదా అని అడిగారు. గంగాచలం మొహం మాడిపోయింది.

సభ అయ్యాక ఆమె నడుచుకుంటూ ఇంటికి వచ్చి పొయ్యి మీద ఎసరు పెట్టింది. దీపాలు పెట్టే వేళకు సామాను బండి ఇంటి ముందు ఆగింది. గంగాచలం శాలువాతోనే దిగాడు. పెద్దోళ్ల ముందు మొహం అలా మాడ్చుకుని కూర్చుంటావా, నా పరువు తీస్తావా, ఉండు నీ పని చెబుతానని వీధిలోంచే అరుస్తున్నాడు. వీరవేణి గుమ్మంలోకి వచ్చి చూసింది. అతను బండిలోంచి షామియానా రాట ఒకటి బయటికి లాగుతున్నాడు.

ఇంతవరకు అతను రాటతో కొట్టలేదు. రాటతో ఇదే మొదటిసారి అవుతుంది. చయనులుగారు లేచి నిలబడి ఆ మాట అనడం కూడా ఆమె చెవులకు వినిపించింది. ఆలోచించి చేసిందేమీ లేదు. చెయ్యి దానంతటదే పోయి తలుపు వేసి గడియ పెట్టింది. ఆ వెంటనే దొడ్డి తలుపు కూడా వేసి వచ్చి, గోడకు చేరగిలబడి కూర్చుంది.

గంగాచలం తలుపు బాదాడు, తిట్టాడు, రాటతో రెండు దెబ్బలు వేశాడు. పేటవాళ్లు బయటికి వచ్చి చూడటం మొదలుపెట్టేసరికి, అందితే జుట్టు అందకపోతే కాళ్లు అన్నట్టు స్వరం మార్చి, వేణీ, బంగారం, తలుపు తీయవే అని బతిమాలాడు. ఆమె తీయలేదు. చివరికి షాపుకు పోయి తన కుర్చీలను వరసగా వేసుకుని పడుకున్నాడు. ఎన్నో పెళ్లిళ్లకు ఆ కుర్చీలు అద్దెకిచ్చాడు గానీ వాటి మీద నడుం వాల్చడం ఎంత కష్టమో అతనికి అప్పుడే తెలిసింది.

తెల్లారేసరికి నడుం పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. పెళ్లాం తనను ఇంట్లోంచి వెళ్లగొట్టిందని, ఇది మానసిక హింస కిందికి వస్తుందని ఫిర్యాదు ఇచ్చాడు. చయనులుగారి దగ్గర ఇన్నాళ్లు తర్ఫీదైన ఫలితంగా మాటలన్నీ కుదురుగా వచ్చాయి. పురుషోత్తంగారు పథకం పుస్తకం తిరగేశారు. అందులో ‘నిందితులు’ అని ఉంది గానీ మగవాళ్లని ఎక్కడా లేదు. ఆయన మొహం వెలిగిపోయింది. పరిశీలక బృందం ఊళ్లో ఉండగానే మహిళా కోటాలో కూడా ఒక మొదటిసారి దొరికింది.

నోటీసు పట్టుకుని రూతమ్మ వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. మొహం సీరియస్‌గా పెట్టడానికి ఆమె చాలా అవస్థ పడింది.

“ఇవాల్టి నుంచి ముద్దాయివి నువ్వే. ఇదివరకెప్పుడైనా మొగుడు మొహం మీద తలుపేశావా?”

“లేదక్కా. అంత ధైర్యం ఎప్పుడొచ్చింది నాకు.”

“అయితే మొదటిసారే. ఇక నీకేం భయం లేదు” అని రూతమ్మ నోటీసు ఊచల్లోంచి లోపలికి అందించింది.

తాను ఆఫీసుకు వస్తే వెనకనుంచి ఆ మనిషి ఇంట్లో దూరతాడు గనక రానని వీరవేణి చెప్పింది. నిందితులకు ఇబ్బంది కలిగించకుండా విచారణ జరపాలని పథకంలో ఉంది. దాంతో ఆఫీసే ఆమె ఇంటికి కదిలి వచ్చింది. వీధిలో షామియానా వేశారు. వేసినవాడు గంగాచలమే. రాత్రి తలుపు మీద విరుచుకుపడ్డ రాటనే తెచ్చి ఆ ఇంటి ముందే పాతాడు. పురుషోత్తంగారికి బల్ల వేశారు. పేటవాళ్లంతా అరుగుల మీద సర్దుకున్నారు.

పథకం ప్రకారం ఉచిత ప్లీడరు నిందితుల పక్షం. కాబట్టి చయనులుగారు ఇప్పుడు వీరవేణి ప్లీడరు. ఆయనకు ఇందులో ఇబ్బందేమీ కనబడలేదు. కిటికీ దగ్గరికి వచ్చి, రాత్రి నిద్ర పట్టిందా అమ్మా, ఎవరైనా బెదిరించారా, ఏమైనా తిన్నావా అని అడిగారు. ఊచల్లోంచి టీ ఇప్పించారు. వీరవేణి గ్లాసు పట్టుకుని ఆయన వంక వింతగా చూసింది. వాచిన చెంపతో, చిట్లిన నుదుటితో ఆ ఆఫీసు చుట్టూ తిరిగిన రోజుల్లో రూతమ్మ మంచినీళ్లిచ్చింది గానీ ఈ మాటలు ఎవరూ అడగలేదు. బాధితురాలిగా దొరకని మర్యాద ముద్దాయి అయిన పూటకే దొరికిందని ఆమెకు నవ్వూ వచ్చింది, కడుపు కూడా మండింది.

తలుపెందుకు వేశావని అడిగితే రాట తీశాడండి అని చెప్పింది. చయనులుగారు వేలు చూపించి వారించారు. అది బాధితుల వాదన, ముద్దాయికి అవసరం లేదన్నారు. ముద్దాయి బలమంతా మొదటిసారిలోనే ఉంది, ఆ బలం చాలునన్నారు.

విచారణ మొదలైంది. ఇది మొదటిసారి కాబట్టి వీరవేణి క్షమాపణ చెప్పి, తలుపు తీసి, భర్తకు దండ వేస్తే సరిపోతుందని, ఫోటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నాడని పురుషోత్తంగారు సెలవిచ్చారు. గంగాచలం తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. కిటికీ లోపల వీరవేణి వెనక్కి తిరిగి గడియ వంక చూసింది. తలుపు తీస్తే ఈ జనమంతా పోయాక ఆ ఇంట్లో మిగిలేది వాళ్లిద్దరే.

అప్పుడు చయనులుగారు గొంతు సవరించుకున్నారు. ఆయన కళ్లలో వెలుగు చూసి, ఇరవైయేళ్ల గట్టు కేసుల్లో ఒక్కటైనా గెలవని మనిషేనా ఈయన అనుకున్నారు అరుగుల మీదివాళ్లు. మన్నింపు అనేది జరిగిపోయిన కృత్యానికి వర్తిస్తుందని ఆయన ఎత్తుకున్నారు. నా కక్షిదారు నిన్న సాయంత్రం తలుపు వేశారు, ఇప్పటికీ వేసే ఉంచారు, అంటే ఆమె మొదటిసారి ఇంకా పూర్తికాలేదు, నడుస్తోంది. పూర్తికాని దాన్ని మన్నించడం ఎలా? పోనీ, తలుపు తీయించి పూర్తి చేయిద్దామంటారా, చేయించండి. అయితే ఒక్క ప్రమాదం ఉందని చెప్పి ఆయన గొంతు తగ్గించారు.

“ఇప్పుడు తీసిన తలుపు రాత్రికి ఆవిడ మళ్లీ వేస్తే? అదే తలుపు, అదే గడియ, అదే చెయ్యి. వాదించడానికి నాకు ఏమీ మిగలదు సార్. అది రెండోసారి.”

పురుషోత్తంగారి నుదుట చెమట పట్టింది. సాయంత్రం సంతకం. ఆయన కిటికీ వైపు తిరిగి, తలుపు తీశాక మళ్లీ వేసే ఉద్దేశం ఏమైనా ఉందా అమ్మా అని అడిగారు. ఆ అడగడంలో బతిమాలడమే ఎక్కువ ఉంది.

వీరవేణి ఊచలు పట్టుకుని నిలబడింది.

“ఆయన గడప దాకా వచ్చిన ప్రతిసారీ వేస్తానండి.”

పురుషోత్తంగారు ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు కాసేపు బిగుసుకుపోయారు. ఆ తరవాత చకచకా ఉత్తర్వు చెప్పి రాయించారు. జిల్లా యొక్క విశాల ప్రయోజనాల దృష్ట్యా, ప్రస్తుతం కొనసాగుతున్న మొదటిసారికి ఎటువంటి విఘాతమూ కలిగించరాదు. రెండోసారికి దారితీసే పరిస్థితులను నివారించే నిమిత్తం ఫిర్యాదీ గంగాచలం సదరు గృహం గడప తొక్కరాదు, తలుపు తట్టరాదు, ఆ వీధిలో నిలబడరాదు. ఉల్లంఘించినచో హెడ్ కానిస్టేబులు తక్షణ చర్య తీసుకోవలెను. సంతకం చేసి, స్టాంపు కొట్టించారు. మరి నా పనికెలా వెళ్లాలండి అని వీరవేణి అడిగితే, ఫిర్యాదులో ఉన్నది వీధి తలుపు మాత్రమే, దొడ్డి తలుపు సంగతి ఎవరూ ఎత్తలేదు గనక దాన్ని ఎన్నిసార్లు తీసినా వేసినా మాకు సంబంధం లేదని చయనులుగారు ఉదారంగా చెప్పారు.

గంగాచలానికి ఇదంతా బుర్రకెక్కడానికి కొంత సమయం పట్టింది. ఎక్కాక లబలబలాడాడు. దెబ్బతిన్నవాణ్ణి నేనండి, వీధిన పడ్డవాణ్ణి నేనండి, మరి నాకేంటండి అన్నాడు. పురుషోత్తంగారు పథకం పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఓపిగ్గా తిరగేశారు. తరవాత కళ్లజోడు తీసి, నిజంగానే నొచ్చుకుంటూ చెప్పారు.

“బాధితులకు ఇందులో ఏమీ లేదండి. ఇన్నాళ్లూ ఎవరూ అడగను కూడా అడగలేదు.”

కిటికీ లోపల వీరవేణి ఆ మాట వింది. రూతమ్మ ఆమె వైపు చూసింది.

రూతమ్మ ఆర్డరు కాగితాన్ని ఊచల్లోంచి అందించింది. గంగాచలం తన రాటలు తానే పీక్కుని, కుర్చీలు బండికెక్కించుకుని షాపుకు వెళ్లిపోయాడు. సాయంత్రం జిల్లాకు షీల్డు వచ్చింది. చయనులుగారిని ఘనంగా సత్కరించారు. తన జీవితంలో ఇంత నిర్దుష్టమైన మొదటిసారిని చూడలేదని ఆయన సభలో గద్గదస్వరంతో చెప్పారట. ఆ మొదటిసారి ఇప్పటికీ నడుస్తూనే ఉందని, దాన్ని చూడటానికి వేరే జిల్లాల అధికారులు వచ్చి వీధి చివర నిలబడి ఆ తలుపు వంక చూసి వెళుతుంటారని చెబుతారు.

ఆర్డరు చేతికొచ్చిన ఆ పూట వీరవేణి వేడి అన్నంలో పప్పు కలుపుకుని నట్టింట్లో పీట వేసుకుని కూర్చుంది. రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి వీధిలో ఎవరివో అడుగుల చప్పుడు వినబడింది. దగ్గరికి వచ్చింది, తలుపు దాటింది, అలా ముందుకు పోయింది. వీరవేణి తలెత్తలేదు. అన్నం తింటూనే ఉంది.